గ ఎప్పుడు పడిందో నా దగ్గర రాసి ఉంది

2024 జనవరిలో ఒక సోమవారం ఉదయం మా ఆఫీసు గుమ్మం దగ్గరున్న వేలిముద్ర మెషిన్ నన్ను గుర్తుపట్టలేదు. ఎడమ చూపుడు వేలు పెడితే మళ్ళీ పెట్టమంది. కొంగుతో తుడిచి పెట్టినా అదే మాట. వెనక లైన్ పెరుగుతోంది. సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చి నా వేలు చూసి, "ఏంటి మేడమ్, కొబ్బరి తురుముతూ గీసుకున్నారా?" అన్నాడు. వేలి కొన మీద అడ్డంగా నల్లటి గాడి పడి ఉంది. వీణ తీగ చేసిన పని అది. కుడి చేతి వేలు నమోదు చేసేదాకా పన్నెండు రోజులు రిజిస్టర్లో సంతకం పెట్టి లోపలికి వెళ్ళాను. ప్రతిరోజూ ఎవరో ఒకరికి కారణం చెప్పాల్సి వచ్చింది. నలభై మూడేళ్ళకి వీణ మొదలుపెట్టానని చెప్పడం కంటే కొబ్బరి తురుమే నయమనిపించింది.

ఆ వేలి కథంతా నా దగ్గర ఉంది. ప్రతి ఆదివారం దాన్ని ఫొటో తీసేదాన్ని. మొదటి వారం ఎర్రటి గీత. మూడో వారం బొబ్బ. ఆ తర్వాత బొబ్బ చితికి, కొబ్బరినూనె రాసుకున్న వేలు. ఎనిమిదో వారానికి కాయ కాసింది. అప్పటి నుంచి నొప్పి లేదు. తమాషా ఏంటంటే, నొప్పి పోయిన నెలకే అది ఎలా ఉండేదో మర్చిపోయాను. ఫొటో చూస్తే గాని నమ్మలేను.

నేర్చుకోవడం అంటేనే ఇంత. ఒక సంగతి వచ్చేసిన రోజున, అది రానప్పుడు ఎలా ఉండేదో మనసు తుడిచేస్తుంది. అందుకే కొత్తగా ఏదైనా మొదలుపెట్టినవాళ్ళు తమకు రానిదాన్ని, అది రాకుండా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలని నా వాదన. తర్వాత రాద్దామంటే కుదరదు. అప్పటికి ఆ మనిషి ఉండదు.

మా మాస్టారు ఈ వాదన ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన మనిషి. నన్ను అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఈ విజయవాడలో ఇంకెవరూ మిగల్లేదు. 2023 విజయదశమి నాడు మొదటి పాఠం. సంచీలోంచి కొత్త నోటుబుక్కు తీశాను. ఆయన దాని వంక చూసి, "అది మూసెయ్ అమ్మాయ్. రాసుకుంటే చెవి బద్ధకిస్తుంది" అన్నారు. మన సంగీతంలో ఇది పాత మాటే. గురుముఖతః రావాలి, చెవి పట్టాలి, చెయ్యి అందుకోవాలి, మధ్యలో కాగితానికి పని లేదంటారు.

అందులో సగం నిజమని తర్వాత నేనే తెలుసుకున్నాను. ఆయన చూడకుండా ఇంట్లో సరళీ స్వరాలు, అంటే అందరికీ మొదట నేర్పే స్వర వరుసలు, రాసుకుని, పుస్తకం ఎదురుగా పెట్టుకుని వాయించేదాన్ని. డిసెంబరులో చేసిన రికార్డింగు ఒకటి ఇప్పుడు వింటే, ప్రతి వరుస చివర ఒక చిన్న తడబాటు వినిపిస్తుంది. అది కన్ను కాగితం మీద కిందిలైనుకి దిగే సమయం. చెవి ఆ కాసేపూ సెలవులో ఉంది. పుస్తకం తీసేసిన వారానికి ఆ తడబాటు పోయింది. కాబట్టి పాఠాన్ని రాసుకోవద్దన్న మాట నాకు సమ్మతమే.

కానీ నేను రాయాలనుకున్నది పాఠం కాదు, నా చెయ్యి.

ఈ తేడా చాలామంది పట్టించుకోరు. రాయకూడదు అనే సంప్రదాయమే నిజానికి బోలెడంత రాసింది. త్యాగరాజస్వామి కృతులు శిష్యులు రాసిపెట్టుకోబట్టి కూడా మనదాకా వచ్చాయి. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చువేయించారు. ఊరు తమిళదేశంలోది, లిపి మాత్రం మనది. ఆయన స్వయంగా వైణికులు. కంపితం, నొక్కు, జారు అంటూ గమకం గమకానికీ, అంటే స్వరాన్ని ఊపే, జార్చే ఒక్కో తీరుకీ, ఒక గుర్తు పెట్టారు. మాస్టారి ఇంట్లో దాని ప్రతి ఉంటే ఒకసారి తిరగేశాను. అంత శ్రద్ధగా రాసిన పుస్తకం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అయితే తీగ లాగడానికి గుర్తు ఉంది గాని, మొదటిసారి లాగినప్పుడు కొత్తవాడి వేలు ఎక్కడ మొరాయిస్తుందో చెప్పే గుర్తు లేదు. ఉండదు కూడా. అది వచ్చినవాళ్ళు వచ్చినవాళ్ళ కోసం రాసింది. రానివాళ్ళ సంగతి రానివాళ్ళే రాసుకోవాలి. వాళ్ళేమో సిగ్గుపడి రాయరు.

నా విషయంలో ఆ మొరాయించిన చోటు గాంధారం, అంటే సరిగమల్లో గ. వీణ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. వీణ మీద తీగల కింద అడ్డంగా 24 మెట్లు ఉంటాయి, స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, 12 చొప్పున. మనవాళ్ళు పాఠం మొదలుపెట్టేది మాయామాళవగౌళ రాగంలో, 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, అది పదిహేనోది. సారణి తీగని, అంటే ఎక్కువగా వాయించే మొదటి తీగని, ఏ మెట్టూ నొక్కకుండా ఊరికే మీటితే స. ఒకటో మెట్టు రి. గ మాత్రం రెండో మెట్టూ కాదు, మూడోదీ కాదు, నాలుగోది. ఐదు మ, ఏడు ప, ఎనిమిది ధ, పదకొండు ని, పన్నెండు పై స. అంటే చెయ్యి కొన్నిచోట్ల అడుగు వెయ్యాలి, కొన్నిచోట్ల గంతు వెయ్యాలి. పైగా మెట్ల మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండదు. తీగలు బిగించే బిరడాల వైపు వెడల్పు, వీణ బుర్ర అయిన కుండ వైపుకి వచ్చేకొద్దీ ఇరుకు. రి నుంచి గకి వేసే గంతు ఆ వెడల్పు వైపే ఉంది. వేలు మెట్టుకి సరిగ్గా ఇవతల ఆనుకుని పడాలి. బాగా ఇవతల పడితే తీగ గరగరమంటుంది. మెట్టు మీదికి ఎక్కితే నాదం మూగబోతుంది.

నా గంతు నాలుగు నెలలు గరగరమంటూనే ఉంది.

మాస్టారు ఒకటే మాట చెప్పేవారు. "చెయ్యి వదులు చెయ్యి అమ్మాయ్." నేను భుజం వదులు చేశాను, మోచెయ్యి వదులు చేశాను, ఒకరోజు అంత వదులు చేసేసరికి చెయ్యే జారిపోయింది. ఆయన మళ్ళీ అదే మాట. క్లాసు నుంచి బయటికొచ్చి, బస్టాపులో నిలబడి, ఫోనులో నాలుగు ముక్కలు రాసుకుని, రాత్రికి నోటుబుక్కులోకి ఎక్కించేదాన్ని. కొన్ని ఇక్కడ పెడుతున్నాను. అక్షరం మార్చలేదు.

"నవంబరు 18. 35 నిమిషాలు. గ 20 సార్లు, సరిగా పడింది 3. మాస్టారు 'వదులు' 4 సార్లు."

"డిసెంబరు 9. 25 నిమిషాలు. విడిగా గ పడుతోంది. రి తర్వాత పడట్లేదు. అంటే గ తప్పు కాదా?"

"జనవరి 6. 40 నిమిషాలు. వేలు గ దాకా వెళ్ళడానికి భయపడుతోంది. వేలికి భయం ఏంటి?"

"ఫిబ్రవరి 10. 30 నిమిషాలు. గ పడింది. 20కి 16. ఎందుకో తెలీదు. ఇవాళ బొటనవేలికి దెబ్బ, కత్తిపీట. దండిని పట్టుకోలేదు."

ఈ చివరిది రాసేటప్పుడు నాకు అర్థం కాలేదు. మర్నాడు చదువుకుంటే అర్థమైంది. నాలుగు నెలలుగా నా బొటనవేలు వీణ దండిని, అంటే మెట్లుండే పొడుగు కర్రని, ఉడుంపట్టు పట్టింది. అది పట్టుకున్నంతసేపూ చెయ్యి ఒకచోట కట్టేసినట్టే. మిగతా వేళ్ళు సాగి గ దాకా వెళ్ళాలని చూస్తున్నాయి. రెండున్నర మెట్ల దూరం సాగి అక్కడ ఆగిపోతున్నాయి. మాస్టారు 'చెయ్యి' అన్నది బొటనవేలు. ఆయన మాట తప్పు కాదు, నా చేతికి అది చాలా పెద్ద మాట.

కత్తిపీట లేకపోయినా గ ఎప్పటికో పడేదే. కాదనను. కానీ రాసుకోకపోయి ఉంటే అది ఎందుకు పడిందో తెలిసేది కాదు. దెబ్బ మానాక బొటనవేలు మళ్ళీ దండిని పట్టుకునేది, గ మళ్ళీ పోయేది, నేను నా తలరాత అనుకునేదాన్ని.

ఇక జ్ఞాపకం సంగతి. మొన్నామధ్య పెళ్ళిలో ఒక స్నేహితురాలు, సరళీలు ఎన్నాళ్ళు పట్టాయని అడిగింది. తడుముకోకుండా "రెండు నెలలు" అన్నాను. అబద్ధమాడాలని కాదు, నిజంగానే అంతే అనుకుంటున్నాను. ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. మూడు కాలాల్లోనూ, అంటే ఆవర్తానికి, తాళం ఒక చుట్టు తిరిగేసరికి, ఎనిమిది స్వరాలు, పదహారు, ముప్ఫై రెండు చొప్పున, తప్పులేకుండా మాస్టారికి అప్పజెప్పింది మార్చి చివరి వారంలో. అయిదు నెలలు పైనే. ఆ స్నేహితురాలు వయొలిన్ మొదలుపెట్టే ఆలోచనలో ఉంది. నా రెండు నెలల మాట నమ్మి మొదలుపెట్టి, మూడో నెలలో తనకి సంగీతం రాదని మానేస్తే ఆ పాపం ఎవరిది? మర్నాడు ఫోన్ చేసి సరిదిద్దాను. మన పెద్దవాళ్ళు ఈత గురించీ, సైకిల్ గురించీ "ఒక్క పూటలో వచ్చేసింది" అని చెప్పే కథలన్నీ ఇప్పుడు నాకు అనుమానంగానే ఉన్నాయి.

రాతవల్ల జరిగిన మేలుల్లో అన్నిటికంటే పెద్దది మాత్రం మే నెలది. ఏప్రిల్ ఆఖరు నుంచి నా మధ్యమం, అంటే మ, పాడైపోయింది. ఐదో మెట్టు, అంతకుముందు ఎప్పుడూ ఇబ్బంది పెట్టనిది. రోజూ అపస్వరం. వయసు మీద పడ్డాక ఇలాగే ఉంటుందేమో, వచ్చింది కూడా పోతుందేమో అని ఒక రాత్రి ఏడుపొచ్చింది. మర్నాడు పేజీలు తిరగేసి లెక్కపెట్టాను. మూడు వారాల్లో పదిహేను రోజుల రాత ఉంది. అందులో పదకొండు రోజులు 'మ పోయింది' అని ఉంది. 'గ పోయింది' అని ఒక్కటీ లేదు. 'ప' కూడా లేదు. నా చెయ్యి పాడైతే ఒక్క మ దగ్గరే ఎందుకు పాడవుతుంది?

నోటుబుక్కు కాకుండా వీణే పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఐదో మెట్టు మీద వేలు పెట్టి ఒక్కసారి మీటి మొహం చిట్లించారు. వీణ మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి. నా వీణ బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు తొలిచి చేసింది. కర్రకి వంక పెట్టడానికి లేదు. నేనే దాన్ని పడమటి కిటికీ పక్కన గోడకి ఆనించి పెట్టేదాన్ని. బెజవాడ మే ఎండ, పడమటి కిటికీ. మైనం మెత్తబడి ఆ ఒక్క మెట్టు కాస్త ఒరిగింది. మెట్లు సరిచేసే ఆయన వచ్చి, మైనం వేడిచేసి, చెవితోనే చూసుకుంటూ దాన్ని మళ్ళీ కూర్చోబెట్టారు. కొత్తవాళ్ళకి ఉండే పెద్ద జబ్బు ఇదే. ఏ తప్పు జరిగినా అది తమదే అనుకుంటారు. వీణ తప్పు కావచ్చు, కుర్చీ తప్పు కావచ్చు, నేర్పే పద్ధతి తప్పు కావచ్చు. వేరుచేసి చూడాలంటే చేతిలో ఏదో ఒక లెక్క ఉండాలి.

ఇంత చెప్పాక రెండు తప్పులు ఒప్పుకోవాలి.

ఒకటి, మొదట్లో మూడు వారాలు నేను వీణ కంటే నోటుబుక్కే ఎక్కువ సాధన చేశాను. నాలుగు రంగుల పెన్నులు, స్కేలుతో గీసిన గడులు, రోజుకో రంగు. చూసినవాళ్ళు ముచ్చటపడ్డారు. ఆ వారాల సగటు సాధన తొమ్మిది నిమిషాలు. ఇప్పుడు బాల్ పెన్ను, రెండు లైన్లు, అంతకు మించి రాయకూడదని నియమం. "బాగా వచ్చింది", "ఇవాళ ఆనందంగా ఉంది" లాంటివి రాయను. నెల తర్వాత చదివితే వాటిలోంచి ఒక్క చుక్క కూడా పిండలేం. ఏ వేలు, ఏ మెట్టు, ఎన్నిసార్లు, చాలు.

రెండోది చెప్పడానికి ఇంకా కొంచెం మొహమాటంగా ఉంది. సరళీల తర్వాత నేర్పే చిన్న పాట, గీతం, వచ్చాక మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడదామని వీడియో తీశాను. పట్టుచీర, వెనక దీపం. పద్నాలుగు సార్లు తీస్తే పద్నాలుగోది బాగుంది. అది పెట్టాను, దండాల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. మిగతా పదమూడూ చెరిపేశాను. తర్వాత ఇదేంటి, నేనేం చేశానని అనిపించింది. మూడోసారి ఎక్కడ ఆగానో, ఏడోసారి వేగం ఎందుకు పెరిగిందో, పదకొండోసారి ఏం మార్చానో, ఆ రోజు నేను నేర్చుకున్నదంతా ఆ పదమూడులో ఉంది. చుట్టాలకి పంపినదాంట్లో పట్టుచీర ఉంది. నలుగురికీ చూపించడానికి రాసుకునేది, తీసుకునేది వేరే సరుకు. తప్పని అనను, ముచ్చట తీరాలి. రెండూ ఒకటే అనుకుంటేనే చిక్కు. ఎదుటివాళ్ళు చూస్తారని తెలిసిన క్షణం నుంచి మనం తప్పుని కూడా అందంగా చేస్తాం.

అందుకని నా రికార్డింగులు రెండు నిమిషాలకి మించవు, ఎవరికీ వినిపించను, నేను కూడా వెంటనే వినను. వారం తర్వాత వింటాను. వెంటనే వింటే చెవి చేతిని వెనకేసుకొస్తుంది. వారం పోతే ఎవరో పరాయి మనిషిని విన్నట్టు ఉంటుంది, దయాదాక్షిణ్యం ఉండదు. తాళం పరుగెడుతోందని అలాగే తెలిసింది. మాస్టారు చెప్పినప్పుడు నేను లోలోపల ఒప్పుకోలేదు. వాటిలో కుక్కరు విజిల్సు ఉన్నాయి, పక్కింటి వాళ్ళ మోటారు ఉంది, "ఇంకెంతసేపమ్మా ఆ సరిగమలు" అన్న మా అత్తగారి గొంతు ఉంది. ఆవిడ పోయిన తర్వాత ఆ ఒక్క రికార్డింగు మాత్రం ఎన్నిసార్లు విన్నానో. అది నేర్చుకోవడం లెక్కలోకి రాదులెండి.

నా రాత ఇంకొకరికి పనికొస్తుందా అంటే, వస్తుందనే అనుకున్నాను. పోయిన వేసవిలో మా చెల్లెలి కూతురు, తొమ్మిదేళ్ళది, మా ఇంటికొచ్చి వీణ నేర్పమంది. మాస్టారి దగ్గరికి పంపేముందు నాకున్న రహస్యం దానికి ధారపోద్దామని, "బొటనవేలు వదులు" అన్నాను. "వదులుగానే ఉంది కదా పెద్దమ్మా" అంది. చూస్తే నిజమే. దాని చిన్న చేతికి దండిని అలా పట్టుకోవడం అందనే అందదు. గ మొదటి రోజే పడింది. దాని బాధ వేరు. అంత పెద్ద వీణ ముందు కూర్చుంటే పది నిమిషాలకి కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. నా నోటుబుక్కులో కాళ్ళ గురించి ఒక్క మాట లేదు. దానికి ఒక చిన్న పుస్తకం కొనిచ్చాను. అందులో ఇప్పటిదాకా నాలుగు నెమళ్ళు, ఒక ఐస్‌క్రీమ్ ఉన్నాయి.

మాస్టారికి నోటుబుక్కు చూపించే ధైర్యం రావడానికి ఏడాదిన్నర పట్టింది. అదీ పొరపాటున, సంచీలోంచి జారి పడితే. కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఇరవై నిమిషాలు చదివారు. నేను శ్రుతి పెట్టె చూస్తూ కూర్చున్నాను.

"వదులు అని ఇన్నిసార్లు అన్నానా?"

"గ పడేదాకా ముప్ఫై ఒకటి మాస్టారూ."

ఆయన నవ్వలేదు. వీణ ఒళ్ళోకి తీసుకుని స రి గ వాయించి, తన ఎడమ చెయ్యి వంక చూసుకున్నారు. మళ్ళీ వాయించారు. బొటనవేలు గాలిలో తేలుతున్నట్టు ఉంది. "ఇది ఇక్కడుంటుందని నేనెప్పుడూ చూసుకోలేదమ్మాయ్" అన్నారు. మీకు గ ఎప్పుడు పడిందని అడిగాను. ఆయన ఏడో ఏట నాన్నగారి ఒడిలో కూర్చుని మొదలుపెట్టారు, వెన్నతో పెట్టిన విద్య. చాలాసేపు ఆలోచించారు. "పడకపోవడం గుర్తులేదు" అన్నారు.

ఆ మాట ఆయన గొప్ప కోసం అన్నది కాదు. కొంచెం దిగులుగానే అన్నారు. అరవై ఏళ్ళకి పైగా చేతిలో ఉన్న విద్యకి ఆయన దగ్గర మొదటి పేజీ లేదు.

అప్పటి నుంచి రాయడాన్ని ఆయన వద్దనడం మానేశారు. అయితే ఇంకో ఇబ్బంది మొదలైంది. ఇప్పుడు క్లాసుకొచ్చే ప్రతివాళ్ళకీ "బొటనవేలు!" అని చెబుతున్నారు. నా తర్వాత క్లాసు ఒక ఇంటర్ అబ్బాయిది. చక్కగా వాయించేవాడు. ఆ మాట పది రోజులు విన్నాక బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక, దాన్ని చాచి బిగబట్టుకుని కూర్చుంటున్నాడు. పాపం, గ కూడా గరగరమంటోంది. మొన్న మెట్లు దిగుతుంటే కనబడి, "ఆంటీ, మీరు మాస్టారికి ఏం చెప్పారు?" అని అడిగాడు. ఇంటికొచ్చి అది కూడా రాసుకున్నాను.